వాగుకు లాకులుండవు

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

దసరా సెలవులకు మారేడుమిల్లి వెళ్లి కొండల్లో నడుస్తామని, ఒక రాత్రి టెంటులో పడుకుని, మర్నాడు పాపికొండల పడవ ఎక్కుతామని రాశారు. వెళ్లండి. లంకల్లో పుట్టి పెరిగినవాళ్లు ఒక్కసారైనా కొండ ఎక్కి చూడాల్సిందే. మీ అందరికీ ఈత వచ్చు, నీళ్లంటే బెరుకు లేదు. నా దిగులంతా అక్కడే. మీకు తెలిసిన నీళ్లు వేరు, కొండ నీళ్లు వేరు.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచి మన కాలువ నీటికి ఒక లెక్క ఉంది. వదిలితే వస్తుంది, కడితే ఆగుతుంది. గోదావరి పొంగినా, భద్రాచలం దగ్గర 43 అడుగులకు చేరగానే మొదటి హెచ్చరిక ఇస్తారు, మనం సామాన్లు సర్దుకునే వ్యవధి ఉంటుంది. వాగుకు లాకులుండవు, హెచ్చరికలూ ఉండవు. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే ఎగువ కొండ మీద వాన పడుతూ ఉండొచ్చు. రాతి వాలు మీద పడ్డ ఆ నీరు నేలలోకి ఇంకే దారిలేక నాలుగు వైపుల నుంచీ ఒక్క పాయలోకి దిగుతుంది. పిక్కల్లోతు వాగు పావుగంటలో నడుంలోతు కావచ్చు.

తేట నీరు ఎర్రబారుతున్నా, ఎండుటాకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకొస్తున్నా, గలగల పోయి హోరు మొదలైనా, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వినిపించినా వెంటనే గట్టెక్కండి. చెప్పులూ గిన్నెలూ ఏరుకుంటూ నిలబడకండి. మీరు ఒక ఒడ్డున, సామాను అవతలి ఒడ్డున ఉండిపోయినా సరే, దాటకండి. పొంగిన వాగు వాన వెలిశాక కొన్ని గంటల్లో తీస్తుంది. మన గోదావరి లాగా రోజుల తరబడి నిలవదు. కూర్చుని ఎదురుచూడటమే పని.

మామూలు వాగు దాటేటప్పుడు బూట్లు విప్పొద్దు, పాచిరాళ్ల మీద ఉత్త కాళ్లు నిలవవు. సంచి నడుం పట్టీ మాత్రం ముందే విప్పుకోండి, పడిపోతే అది మిమ్మల్ని ముంచకుండా వదిలించుకోవాలి కదా. ఎగువ వైపు మొహం పెట్టి, ముందు కర్ర ఊని, అది కుదురుకున్నాకే ఒక్కో అడుగూ పక్కకు వేయండి. నీటికి వడి ఉండి మోకాలు దాటితే వెనక్కి వచ్చేయండి.

జలపాతం కింద గుండం చూస్తే మీకు వంతెన మీంచి కాలువలోకి దూకడం గుర్తొస్తుంది. దూకకండి. కాలువ అడుగు మెత్తటి ఒండ్రు, గుండం అడుగు బండలు. పైగా నురగ నీటిలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి అది మనిషిని సరిగా తేల్చదు. ఎంత ఈతగాడైనా అక్కడ చేతులు కొట్టుకుంటూ కిందికే పోతాడు.

ఇక నడక. ఏటిగట్టు మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడుస్తాం కదా అని ఆ లెక్క కొండకు వేయకండి. ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ పది నిమిషాలు కలుపుకోవాలి. ఆరు కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎక్కుడు అంటే ఆగకుండా నడిచినా గంటా నలభై నిమిషాలు. మీ జట్టులో చిన్నవాళ్లున్నారు, రెండున్నర గంటలు వేసుకోండి. ఎక్కడిదాకా వెళ్లినా మధ్యాహ్నం పన్నెండుకు వెనక్కి తిరగాలి. దసరా రోజుల్లో ఆరు కాకుండానే పొద్దు గుంకుతుంది, లోయలో వెలుగు ఇంకా ముందే పోతుంది. అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టండి.

కొత్త బూట్లతో వెళ్లొద్దు. ఇప్పటినుంచే పది రోజులు గట్టు మీద తొడుక్కుని తిరగండి. మడమ మంటగా అనిపించగానే ఆగి ప్లాస్టర్ వేసేయాలి, బొబ్బ తేలాక వేసి లాభం లేదు. దిగేటప్పుడు చీలమండ దగ్గర బూటు తాడు బిగించి కట్టకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. జలగ పట్టుకుంటే పీకకండి. గోటిని చర్మానికి ఆనించి పక్కకు నెట్టి, సబ్బుతో కడగండి.

పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. అటవీశాఖ అనుమతి ఉన్నచోట తప్ప రాత్రి ఉండకూడదు. ఇసుక తిన్నె ఎంత మెత్తగా ఉన్నా వాగు ఒడ్డున టెంటు వేయొద్దు, ఎండుకొమ్మల కిందా వద్దు. ఎక్కువమంది తప్పుచేసేది కింద పరిచే బరకం దగ్గర. అది టెంటు అంచు దాటి బయటికి వస్తే, పైనుంచి జారిన వాననీరంతా దానిమీద పడి మీ వీపు కిందికే చేరుతుంది. నాలుగు వైపులా లోపలికి మడిచేయండి. మేకులు గేదెను కట్టే గుంజలా, తల టెంటుకు అవతలికి వాలేట్టు దిగ్గొట్టాలి. వాన వస్తుందని గాలి కంతలన్నీ మూసేస్తే మీ ఊపిరే చెమ్మై పక్కలు తడుస్తాయి.

జిప్పు మాత్రం రాత్రంతా మూసే ఉంచండి. కట్లపాము నేల మీద నిద్రపోతున్నవాళ్లనే కాటేస్తుంది, నొప్పి కూడా సరిగా తెలియదు. తెల్లవారుజామున ఎవరికైనా కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే కాటు గుర్తు వెతుకుతూ కూర్చోకండి. కట్టు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. మోసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తాగే నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం మరగనివ్వండి. చిల్లగింజ అరగదీసి నీళ్లలో కలిపితే బురద అడుగుకు పేరుకుంటుందని మీ నాయనమ్మ చెప్పింది నిజమే, కానీ రోగక్రిములు చావవు. బహిర్భూమికి వాగు నుంచి 60 మీటర్లు ఎడంగా వెళ్లి, జానెడు గొయ్యి తీసి పూడ్చేయండి. ఆ నీళ్లే దిగువన కొండరెడ్ల పల్లెల్లో తాగుతారు.

పడవ సంగతి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. గోదావరి వరదలో ఉన్న రోజది. మీరు వెళ్లేనాటికి పడవలు ఆపేసి ఉంటే బతిమాలకండి, ఇంటికి వచ్చేయండి. తిరుగుతుంటే, ఎక్కగానే లైఫ్ జాకెట్ కట్లన్నీ పెట్టుకుని, భుజాల దగ్గర పక్కవాళ్లతో పైకి లాగించుకోండి. గడ్డం దాటి లేస్తే అది మీకు పెద్దది, చిన్నది అడగండి. దిగేదాకా విప్పొద్దు. ఫోటో కోసం అందరూ ఒకే వైపుకు పరిగెత్తొద్దు, పడవ ఒరిగేది అందుకే.

దోమతెర మర్చిపోకండి, ఏజెన్సీలో మలేరియా ఉంది. తిరిగొచ్చాక నెలలోపు ఎవరికి జ్వరం తగిలినా, మందుల షాపులో మాత్ర కొనుక్కుని ఊరుకోక, డాక్టరుగారితో ఏజెన్సీకి వెళ్లొచ్చామని చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య