పంక్చర్ షాపులో అతుక్కోనివ్వని పౌడరే ఛాతీలో అతికిస్తుంది

"మామయ్యకి ఊపిరితిత్తుల్లో నీరు తీసి ఇరవై రోజులు కాలేదు, మళ్లీ చేరింది, ఈసారి పౌడర్ వేసి అతికించేస్తాం అంటున్నారు, అతికించేస్తే ఇంక ఊపిరెలా ఆడుతుందండీ?" అని ఒకాయన అడిగారు. చాలా మంచి ప్రశ్న, దీని జవాబు ఏనుగు దగ్గరుంది, చివర్లో చెప్తా.

ముందు ఒక మాట, ఆ నీరు చేరేది ఊపిరితిత్తి లోపల కాదు, చుట్టూ. తాగిన నీళ్లు అక్కడికి దిగుతాయని ఇంట్లోవాళ్లు పేషెంటు చేతిలో గ్లాసు లాగేసుకుంటారు, పాపం దాహంతో అల్లాడిపోతారు. నోటి నుంచి అక్కడికి దారే లేదు. గుండె, కిడ్నీ జబ్బులకి డాక్టరే నీళ్లు తగ్గించమంటే అది వేరే లెక్క.

ఊపిరితిత్తి మీద ఒక పొర, పక్కటెముకల గోడకి లోపలివైపు ఇంకో పొర, రెండూ కలిపి ప్లూరా. స్కూల్లో ఈ పేరు ఒక్క లైన్లో రాయించి వదిలేస్తారు, నాకదే బాధ. మధ్యలో ఉండేది ఏ పది పదిహేను మిల్లీలీటర్ల ద్రవమో అంతే. కడిగిన స్టీలు పళ్లేలు రెండు ఒకదాంట్లో ఒకటి పెట్టి చూడండి, జారతాయి గానీ తేలిగ్గా ఊడిరావు, ఇదీ అలాంటిదే. క్యాన్సర్ ఈ పొరలకి పాకితే అక్కడ లీటర్ల కొద్దీ నీరు ఊరుతుంది. పొడుగ్గా సన్నగా ఉండే కుర్రాళ్లలో ఒక్కోసారి ఊపిరితిత్తి మీద చిన్న బుడగ పగిలి గాలి దూరుతుంది, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. పదే పదే ఇలా అవుతుంటే అసలు ఆ సందే లేకుండా చేయడమే ప్లూరోడెసిస్.

ఇప్పుడు సైకిల్ పంక్చర్ షాపుకి రండి. ట్యూబు తుడిచి ఆరబెడతాడు, ఆకురాయితో గరగరా రుద్దుతాడు, సొల్యూషన్ రాసి ప్యాచ్ గట్టిగా నొక్కుతాడు. ఛాతీలోనూ అదే వరస: ట్యూబు వేసి నీరంతా తీయాలి, పొరల్ని రేపాలి, రెండూ ఆనుకునేలా చూడాలి. కొందరు సర్జన్లు నిజంగానే లోపలి పొరని గాజుగుడ్డతో రుద్దుతారు. ఎక్కువగా వాడేది మాత్రం టాల్క్ అనే పౌడర్, 4 గ్రాములు సెలైన్లో కలిపి ట్యూబులోంచి పంపుతారు. వింతేంటంటే, టైరుకి ట్యూబు అతుక్కోకుండా షాపులో చల్లేదీ ఆ పౌడరే! మరి లోపలెలా అతికిస్తుంది? టాల్క్ జిగురు కాదు, ఆకురాయి. అది పొర మీది మీసోథీలియల్ కణాల్ని రేపుతుంది, అవి ఇంటర్‌ల్యూకిన్-8, టీజీఎఫ్-బీటా లాంటి సంకేతాలు వదులుతాయి, ఫైబ్రిన్ అనే ప్రొటీన్ వల అల్లుకుంటుంది, ఫైబ్రోబ్లాస్టులనే మరమ్మతు కణాలొచ్చి కొల్లాజెన్ పీచు నేస్తాయి. జిగురు తయారుచేసేది పేషెంటు ఒళ్లే. అందుకే ఒకట్రెండు రోజులు నొప్పి, జ్వరం రావచ్చు.

రేణువుల సైజు కూడా ముఖ్యమే, మరీ సన్నవైతే రక్తంలోకి వెళ్లి మంచి ఊపిరితిత్తిని కూడా వాచేలా చేస్తాయి. అందుకని స్టెరిలైజ్ చేసిన, ఆస్బెస్టాస్ లేని, సన్న రేణువులు తీసేసిన మెడికల్ టాల్కే వాడాలి, మొహానికి రాసుకునేది కాదు. ఇక ఊపిరితిత్తి గట్టిపడి పూర్తిగా విచ్చుకోకపోతే ప్యాచ్ ట్యూబుకి తగలనట్టే, ఎంత పౌడర్ వేసినా అతకదు. అప్పుడు ఇంట్లోనే నీరు తీసుకునే సన్నటి గొట్టం పెడతారు. మన దగ్గర ఎక్కువగా కనిపించే టీబీ నీటికైతే మామూలుగా ఇదేం అక్కర్లేదు, మందుల కోర్సు పూర్తిచేస్తే చాలు.

ఈ పౌడర్ పద్ధతిని 1935లో రాసింది కెనడా సర్జన్ నార్మన్ బెతూన్, తర్వాత చైనా యుద్ధంలో వైద్యం చేస్తూ 1939లో చనిపోయాడే, ఆయనే. తనకే టీబీ వచ్చినప్పుడు ఆయన ఛాతీలోకి కావాలని గాలి ఎక్కించి ఊపిరితిత్తికి రెస్ట్ ఇచ్చారు.

ఇక ఏనుగు. దానికి పుట్టుకతోనే ఆ రెండు పొరల మధ్య ఖాళీ ఉండదు, రెండిటినీ కలిపే వదులైన కణజాలంతో (కనెక్టివ్ టిష్యూ) నిండిపోయి ఉంటుంది. తొండం పైకెత్తి నది దాటుతుంటే రెండు మీటర్ల లోతులో ఛాతీ మీద నీటి ఒత్తిడి 150 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది, లోపల పీల్చేదేమో బయటి గాలి, మనలాంటి పల్చటి పొరైతే రక్తనాళాలు చిట్లిపోతాయి, అందుకే దానికలా ఏర్పడిందని జాన్ వెస్ట్ అనే ఫిజియాలజిస్టు వివరించాడు. రెండు పొరలూ అతుక్కునే ఉన్నా ఏనుగు బతుకంతా హాయిగా ఊపిరి పీలుస్తుంది, ఎందుకంటే ఛాతీ విచ్చుకుంటే దానికి అంటుకున్న ఊపిరితిత్తీ విచ్చుకుంటుంది. మీ మామయ్యగారికీ అంతేనండి.