మేనమామ కూతురు ఏమవుతుంది?

పర్లాకిమిడిలో ఒకే వీధిలో పక్కపక్కనే రెండు ఇళ్లు అనుకుందాం. ఒకటి తెలుగువాళ్లది, ఒకటి ఒడియావాళ్లది. రెండిళ్లలోనూ పెళ్లీడు కుర్రాడు ఒకడున్నాడు, ఇద్దరికీ మేనమామ కూతురు ఉంది. తెలుగు కుర్రాడికి ఆ పిల్ల మరదలు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే "ఇదిగోరా నీ పెళ్లాం" అనే ముసలమ్మలు ఇప్పటికీ మా వైపు ఉన్నారు. ఒడియా కుర్రాడికి ఆ పిల్ల భొఉణి, అంటే చెల్లెలు. పెళ్లిమాట ఎత్తితే "ఛీ, అదేం మాట" అంటారు. ఈ ఇంట్లో నవ్వుకునే జోకు ఆ ఇంట్లో వేస్తే గొడవే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పట్నం ఒడిశాకి వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. చుట్టరికాలకు ఆ గీతతో పనిలేదు. ఇప్పటికీ ఆటో ఎక్కి రాష్ట్రం దాటి పెళ్లిచూపులకు వెళ్లొస్తాం. కానీ అదే వీధిలో రెండు గుమ్మాల మధ్య ఉన్న గీత మాత్రం గట్టిది. దాన్ని గీసింది ఏ సర్కారూ కాదు.

ముందు జన్యువుల సంగతి. మేనమామ పిల్లలతో మనం పంచుకునే జన్యువుల వాటా సగటున 12.5 శాతం. ఒడియా ఇంట్లోనూ అంతే, తెలుగు ఇంట్లోనూ అంతే. ఇందులో వింత లేదు. వింత ఎక్కడంటే, పెదనాన్న కూతురితోనూ సరిగ్గా 12.5 శాతమే, పెద్దమ్మ కూతురితోనూ అంతే. నెత్తురు లెక్కలో వీళ్లందరూ ఒకే దూరంలో ఉన్నారు. అయినా తెలుగువాడు ఒకరిని పెళ్లాడొచ్చంటాడు, ఇంకొకరిని పెళ్లాడితే మహాపాపం అంటాడు. ఒడియావాడు అందరినీ కలిపి చెల్లెళ్లే అంటాడు. ఈ విషయంలో జన్యుశాస్త్రం ఒడియావాడి పక్షాన ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఒడియావాడు కూడా జన్యువులు చూసి చెప్పడం లేదు.

మన వరసల లెక్క పైకి చిక్కుగా కనిపించినా లోపల సూత్రం చిన్నది. అన్నదమ్ములు ఒకరి స్థానంలో ఒకరు నిలబడతారు. అక్కచెల్లెళ్లూ అంతే. కాబట్టి నాన్న అన్న పెదనాన్న, తమ్ముడు చిన్నాన్న, అమ్మ అక్క పెద్దమ్మ, చెల్లెలు పిన్ని. వాళ్ల పిల్లలు మనకి తోబుట్టువులు. అదే ఒక ఆడ, ఒక మగ తోబుట్టువుల దగ్గరికి వచ్చేసరికి దారి చీలుతుంది. నాన్న అప్పచెల్లెళ్లు అత్తలు, అమ్మ అన్నదమ్ములు మేనమామలు, వాళ్ల పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. ఈ చీలిక ఎంత దూరం పోయినా మరవకూడదు. నాన్న వాళ్ల చిన్నాన్న కూతురి కొడుకు ఏమవుతాడు? చిన్నాన్న కూతురు నాన్నకి చెల్లెలు, అంటే నాకు అత్త. ఆమె కొడుకు బావ. పెళ్లిపందిట్లో కుర్చీ లాక్కుని కూర్చుని "మనకి ఏం వరస బాబూ?" అని మొదలుపెట్టే పెద్దావిడ నాలుగు తరాల దూరాన్ని కాఫీ చల్లారేలోగా తేల్చేస్తుంది. ఆవిడ చేసేది ఇదే, మెట్టు మెట్టుకీ ఈ సూత్రాన్ని వేసుకుంటూ పోవడం.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. వరస వేరు, వంశం వేరు. ఇంటిపేరు, గోత్రం తండ్రి వైపునుంచి మాత్రమే దిగుతాయి. పెద్దమ్మ కొడుకు ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, అయినా అన్నే అవుతాడు. వంశం లెక్కన పరాయివాడు, వరస లెక్కన తోబుట్టువు. సంబంధం కుదరాలంటే రెండు జల్లెళ్లలోంచీ జారాలి: గోత్రం కలవకూడదు, వరస కుదరాలి. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు రెండింట్లోంచీ సులువుగా జారిపోతారు. ఒడియా ఇళ్లలో గోత్రం ఉంది, దగ్గరి చుట్టరికం కుదరదన్న నిషేధం ఉంది. మనకున్నలాంటి వరస అనే రెండో జల్లెడ మాత్రం వాళ్లకి లేదు.

ఒడియా పిలుపులు వింటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అమ్మ తమ్ముడు మాము, నాన్న చెల్లెలు పిఉసి, అమ్మ చెల్లెలు మాఉసి. పెళ్లితో వచ్చే మామగారు శొశురొ, అత్తగారు శాశు. పుట్టుకతో వచ్చినవాళ్లకి ఒక వరుస పేర్లు, పెళ్లితో వచ్చినవాళ్లకి ఇంకో వరుస పేర్లు, రెండూ ఎక్కడా కలవవు. మనకి పెళ్లి కాకముందే మామ ఉంటాడు, అత్త ఉంటుంది. పెళ్లాడిన పిల్ల పూర్తిగా బయటి సంబంధమైనా ఆమె తండ్రి మామే అవుతాడు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త లూయీ డ్యూమాన్ 1953లో రాసిన ఒక వ్యాసంలో దక్షిణాది వరసల గుట్టు ఇక్కడే ఉందన్నాడు. వియ్యం ఒక తరంతో ముగిసిపోయే విషయం కాదు, నెత్తుటి చుట్టరికంలాగే అది కూడా తండ్రినుంచి కొడుక్కి వారసత్వంగా వస్తుందని ఆయన వాదన. మా నాన్నకి బావమరిది అయినవాడు నాకు మేనమామ, అతని కొడుకు నాకు బావమరిది. పిలుపులు చెప్పేది అదే.

ఈ వరసల మీద ప్రపంచం దృష్టి పడటం వెనక ఒక అమెరికన్ లాయరు ఉన్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్లో ఉండే లూయిస్ హెన్రీ మోర్గాన్‌కి పక్కనే ఉండే సెనెకా అనే ఆదివాసుల మీద ఆసక్తి. వాళ్లు ఇరోక్వా సమాఖ్యలో ఒక తెగ. వాళ్లు నాన్న అన్నదమ్ముల్ని నాన్న అనడం, అమ్మ అక్కచెల్లెళ్లని అమ్మ అనడం అతనికి విడ్డూరంగా తోచింది. ఇంగ్లీషువాడి చెవికి అలాగే ఉంటుంది మరి. ప్రశ్నాపత్రాలు అచ్చువేయించి ప్రపంచమంతా మిషనరీలకీ, దొరలకీ పంపాడు. 1850ల చివర్లో తమిళ పిలుపుల జాబితా చేతికందేసరికి ఉక్కిరిబిక్కిరయ్యాడు. సముద్రాల అవతలి తమిళులూ ఊరి పక్కన సెనెకాలూ ఒకే లెక్క వేస్తున్నారు! 1871లో అచ్చయిన అతని పెద్ద గ్రంథంతోనే చుట్టరికాల శాస్త్రం మొదలైందంటారు. పోలిక చూసి మాత్రం అమెరికా ఆదివాసులు ఆసియానుంచే వచ్చారనడానికి ఇదే రుజువు అనేశాడు. వాళ్లు ఆసియానుంచి వచ్చిన మాట నిజమే, కానీ అది ఈ రుజువుతో తేలేది కాదు. సంబంధం లేని సమాజాలు కూడా ఒకే లెక్కకి చేరుకోగలవు.

అసలు ఆ రెండు లెక్కలూ ఒకటి కావని 1964లో ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త తేల్చాడు. తమిళుల లెక్కే మనదీ కాబట్టి దీన్ని తెలుగువాళ్లు ఇంట్లో కూర్చునే సరిచూసుకోవచ్చు. మీరు మగవారైతే, మీ మరదలు వేరే ఎవరినో చేసుకుని వెళ్లిపోయింది అనుకోండి. ఆమె పిల్లలు మిమ్మల్ని ఏమంటారు? బాబాయ్ అంటారు, లేదా పెదనాన్న అంటారు. మీ సొంత పిల్లలతో సమానం వాళ్లు. మరి మీ బావ పిల్లలో? మీకు మేనల్లుళ్లు, మేనకోడళ్లు. సెనెకాల దగ్గర సరిగ్గా తిరగబడుతుంది. అక్కడ బావలాంటివాడి పిల్లలు కొడుకులు, మరదలిలాంటామె పిల్లలు మేనల్లుళ్లు. మన లెక్క వెనక మేనరికం ఉంది: మరదలు అంటే భార్య కాగలిగిన మనిషి, కాబట్టి ఆమె బిడ్డలు నా బిడ్డలే. సెనెకాల లెక్క వెనక అలాంటి పెళ్లి నియమం లేదు, చివరి మెట్టులో ఆడా మగా అన్నది చూసి ఆగిపోతుంది. ఈ తేడా మోర్గాన్ కంటపడింది గానీ చిన్న విషయమని పక్కన పెట్టాడు.

మహారాష్ట్ర వైపు వెళ్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ప్రాణహిత ఒడ్డున, కాళేశ్వరానికి అవతల సిరొంచలో తెలుగు, మరాఠీ, గోండి మూడూ వినిపిస్తాయి. మరాఠీ ఉత్తరాది భాషల కుటుంబానిదే. కానీ పాతకాలపు మరాఠీ కోడలు మామగారిని "మామంజీ" అనీ, అత్తగారిని "ఆత్యాబాయి" అనీ పిలిచేది. మామా అంటే మేనమామ, ఆత్యా అంటే మేనత్త. చాలా మరాఠీ కులాల్లో మేనమామ కూతుర్ని చేసుకోవచ్చు, మేనత్త కూతుర్ని మాత్రం అంతగా ఒప్పుకోరు. దీన్ని విడమర్చి చెప్పింది మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే. పిల్లనిచ్చిన ఇల్లు కొంచెం కింద, పుచ్చుకున్న ఇల్లు కొంచెం పైన అనే భావం ఉన్నచోట ఆడపిల్లలు ఒకే దిక్కుకి వెళ్తుండాలి. మా అమ్మ వచ్చిన ఇంటినుంచే నా భార్యా వస్తే దిక్కు మారలేదు. మా అత్త వెళ్లిన ఇంటినుంచి పిల్లని తెచ్చుకుంటే దిక్కు తిరగబడింది. మనకి ఆ పట్టింపు తక్కువ, కుండమార్పిడి పెళ్లిళ్లు కూడా చేసుకుంటాం. అక్క కూతుర్ని చేసుకోవడమైతే మరాఠీవాళ్లకీ మింగుడుపడదు. గోండుల దగ్గర వంశాలన్నీ నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు దేవుళ్ల లెక్కన పెద్ద కూటాలుగా ఉంటాయి. ఒకే కూటంలో పెళ్లి కుదరదు, మేనరికం మాత్రం ఇష్టమే. మధ్యభారతంలో దాన్ని "పాలు తిరిగివ్వడం" అంటారు: ఆ ఇంటినుంచి ఒక తల్లి వచ్చింది కాబట్టి ఈ ఇంటినుంచి ఒక కూతురు వెళ్లాలి.

మళ్లీ పర్లాకిమిడికి వస్తే, ఊరి చుట్టూ కొండల మీద సవరలు ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో బడిపంతులుగా ఉంటూ వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ భాష తెలుగు కుటుంబానిదీ కాదు, ఒడియా కుటుంబానిదీ కాదు, ముండా భాష. సవరల్లో గోత్రాలు లేవు. నాలుగైదు తరాల కింది ఒక తాతనుంచి వచ్చినవాళ్లంతా ఒక బిరిందా, దాని లోపల పెళ్లి కుదరదు, అంతే. ఆడపిల్ల పెళ్లయి వెళ్లినా పుట్టింటి బిరిందా మారదు. మెడలో తాళి పడగానే గోత్రం మారిపోయే మన అమ్మాయిలతో పోలిస్తే ఇది నాకు ఎక్కువ న్యాయంగా అనిపిస్తుంది.

తల్లి వైపునుంచి వంశం దిగే సమాజాల గురించి అందరూ వినే ఉంటారు. మేఘాలయ ఖాసీల్లో కడగొట్టు కూతురికి ఇల్లు దక్కుతుంది. కేరళ నాయర్ల ఉమ్మడి కుటుంబ పద్ధతిని 1975 చట్టంతో రద్దు చేశారు. అలాంటిచోట మేనమామ చేతిలో పెత్తనం ఉంటుంది, పిల్లలు అతనికి భయపడతారు. పెత్తనం తండ్రిదైన మన ఇళ్లలో గారాబం మేనమామది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది ఆయనే.

చట్టం ఈ రెండు గుమ్మాల మధ్య ఏం చేసింది? 1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య, మేనమామ మేనకోడళ్ల మధ్య పెళ్లి నిషిద్ధమని రాసింది. ఆ వెంటనే, ఆచారం ఒప్పుకుంటే తప్ప, అని చేర్చింది. కాబట్టి ఒకే వీధిలో ఒకే చట్టం కింద, ఒక ఇంట్లో చెల్లే పెళ్లి పక్కింట్లో చెల్లదు.

గర్భిణులకి పరీక్షలు చేసే డాక్టరుకి ఆచారంతో పనిలేదు. "మేనరికమా?" అని అడిగేది బిడ్డ కోసం. బావామరదళ్లకి పుట్టిన బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడినుంచి వచ్చే అవకాశం 16లో 1, మేనమామకీ మేనకోడలికీ పుట్టిన బిడ్డలో 8లో 1. దాగి ఉన్న లోపం బయటపడేది అలాంటప్పుడే. మామూలు పెళ్లిళ్లలో పుట్టుకతో తీవ్రమైన లోపాలు నూటికి రెండు మూడు ఉంటే, బావామరదళ్ల పెళ్లిలో దాదాపు ఇంకో రెండు మూడు కలుస్తాయి. హడలిపోవాల్సినంత కాదు, పట్టించుకోకుండా ఉండాల్సినంతా కాదు. తరం తర్వాత తరం అదే రెండిళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకుంటే లెక్క పెరుగుతుంది. "బయటి సంబంధమే డాక్టరుగారూ" అన్న జవాబు ఒక్క తరాన్నే చెబుతుంది, పై తరాల మేనరికాలు కూడా చెప్పాలి.

మా వైపు తెలుగు, ఒడియా పెళ్లిళ్లు కొత్తేమీ కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడికి తెలుగు మేనమామ కూతురు ఏమవుతుంది? అమ్మ లెక్కన మరదలు, నాన్న లెక్కన చెల్లెలు. పెళ్లిమాట వచ్చేసరికి కఠినంగా ఉన్న లెక్కదే గెలుపని నేను చూసినంతలో తోస్తుంది: ఒకరికి తప్పు కానిది ఇంకొకరికి తప్పయితే, మానేయడమే అందరికీ సుఖం. పిలుపు మాత్రం అంత తొందరగా పోదు. మేనరికాలు మానేసిన తెలుగు ఇళ్లలోనూ బావ బావే, మరదలు మరదలే. పెళ్లి పద్ధతి మారిన చాలాకాలానికి గానీ పిలుపులు మారవని మోర్గాన్ అన్నాడు. ఇప్పుడు మధ్యలో "కజిన్" వచ్చి కూర్చుంది. ఆ మాటతో వరస తేలదు కాబట్టి మనవాళ్లు "కజిన్ బ్రదర్", "కజిన్ సిస్టర్" అని తోక తగిలిస్తారు.

ఏ లెక్క నిలిచిందో తెలుసుకోవాలంటే లౌన్స్‌బరీ పరీక్షే పెట్టొచ్చు. ఆ మరదలికి పెళ్లయి పిల్లలు పుట్టాక, వాళ్లు ఈ కుర్రాణ్ణి బాబాయ్ అంటే తెలుగు లెక్క ఇంకా నడుస్తోందన్నమాట. మామయ్య అంటే ఒడియా లెక్క లోపలికి వచ్చేసింది. అంకుల్ అంటే మాత్రం పందిట్లో పెద్దావిడనే పిలవాలి.