సన్న కడ్డీ, లావు చేప: విమానం యాంటెన్నా లెక్క

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు రివెట్ల తలలు కూడా పైకి తేలకుండా రేకులోకి నున్నగా దింపుతారు. తీరా రేడియో దగ్గరికి వచ్చేసరికి పొట్ట కింద 3 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీని యాంటెన్నాగా నిటారుగా బిగించేస్తారు. అంత సన్నదానికి గాలేం తగులుతుందిలే అనే నమ్మకం. ఆ నమ్మకం తప్పు, లెక్క వేసి చూద్దాం.

పైలట్ల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి. నడిమధ్య 127 దగ్గర తరంగం పొడవు 2.36 మీటర్లు. అందులో పావు వంతు 59 సెంటీమీటర్లు, కాస్త తగ్గించి 56కి కోస్తారు. ఆ కడ్డీ గాలికి అడ్డుపడే వైశాల్యం 17 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక అగ్గిపెట్టె ముఖమంత. సముద్రమట్టం దగ్గర సెకనుకు 90 మీటర్ల వేగంలో, అంటే గంటకు 324 కిలోమీటర్లకు, ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 4,960 న్యూటన్లు. గాలి వెనక్కి లాగే బలాన్ని డ్రాగ్ అంటారు. అది ఆకారాన్ని బట్టి మారుతుంది, ఆ తేడా చెప్పే అంకె డ్రాగ్ గుణకం. గుండ్రటి కడ్డీకి అది సుమారు 1.1. వైశాల్యం, ఒత్తిడి, గుణకం మూడూ గుణిస్తే 9 న్యూటన్ల పైమాట, దగ్గర దగ్గర కిలో బరువు వెనక్కి లాగుతున్నట్టు. దాన్ని ఆ వేగంతో మోసుకెళ్లడానికి 1.1 హార్స్‌పవర్ కావాలి. ప్రొపెల్లర్ దగ్గర పోయేది కలిపితే ఇంజన్ 1.4 ఇవ్వాలి. రెండు రేడియోలకు రెండు కడ్డీలు పెడితే మూడు హార్స్‌పవర్లు హరించుకుపోయినట్టే.

పారే కాలువలో ఒక కర్ర గుచ్చి చూడండి. నీళ్లు కర్ర ముందువైపు చుట్టుకుని వస్తాయి గానీ, పక్కకు చేరాక వెనక వంపును పట్టుకుని తిరగలేక విడిపోతాయి. వెనక సుళ్లు లేస్తాయి. గాలిలో కడ్డీదీ ఇదే కథ. ముందు పీడనం ఎక్కువ, సుళ్లు లేచిన వెనకవైపు తక్కువ. లాగేది ఆ తేడాయే. మన కడ్డీ వెనక సుళ్లు ఒక పక్క, మరో పక్క మార్చి మార్చి సెకనుకు సుమారు 6,000 జతలు పుడతాయి. అదే కాలువలో చేప కదలకుండా ఎదురీదుతూ నిలబడగలదు. దాని ముందుభాగం లావు, వెనక మెల్లగా సన్నబడుతుంది. నీటికి విడిపోయే అవసరమే రాదు.

ఇప్పుడు ఆ చేప ఆకారంలో 12 మిల్లీమీటర్ల మందం, 40 సెంటీమీటర్ల పొడవు ఉన్న బ్లేడ్ యాంటెన్నా తీసుకోండి. ఎదురు వైశాల్యం 48 చదరపు సెంటీమీటర్లు, కడ్డీకి దాదాపు మూడు రెట్లు. గుణకం మాత్రం 0.1 దరిదాపు. డ్రాగ్ 2.4 న్యూటన్లు, కడ్డీలో పావు వంతు! లావుది గాలిలో తేలిక, సన్నది బరువు. బడి లెక్కల్లో "గాలి నిరోధాన్ని వదిలేయండి" అని ఒక్క ముక్కతో దాటేసే చోట ఇంత అందం దాగి ఉంది. పిల్లలకు ఈ ఒక్క లెక్క చేయించినా చాలు.

బ్లేడ్ ధర ఎక్కువ. కొనలేకపోతే కడ్డీనే వెనక్కి వాల్చవచ్చు. 45 డిగ్రీలు వాలిస్తే అదే పొడవుకు డ్రాగ్ మూడో వంతుకు వస్తుంది, ఎందుకంటే అది కోణం కొసైన్ ఘనంతో తగ్గుతుంది. కానీ టవర్ల యాంటెన్నాలు నిలువుగా ఉంటాయి. మొత్తం కడ్డీ వాల్చేస్తే నిలువు వాటా తగ్గి సగం శక్తి పోతుంది. అందుకే మొదలు కాస్త నిలువుగా ఉంచి, మిగతాది వెనక్కి వంచుతారు.

ఎక్కడ పెట్టాలన్నది పైపొరను బట్టి ఉంటుంది. అల్యూమినియం రేకైతే అదే గ్రౌండ్ ప్లేన్, అంటే కడ్డీకి రెండో సగం. బిగించే చోట రంగు గీకి మెరిసే లోహం తేలాలి, అతుకు దగ్గర నిరోధం 3 మిల్లీఓమ్‌లు దాటకూడదు. లోపల ఇంకో రేకు ముక్క రివెట్ చేయాలి. లేకపోతే కడ్డీ ఊపుకి పల్చటి రేకు బోల్టు రంధ్రం చుట్టూ పగులుతుంది. చక్రాల కాళ్లకు దూరంగా పెట్టండి, అవి అడ్డొచ్చిన దిక్కున మాట వినపడదు. గుడ్డ కప్పిన విమానానికి గ్రౌండ్ ప్లేన్‌గా లోపల నాలుగు రాగి పట్టీలు, ఒక్కొక్కటి 56 సెంటీమీటర్లు, నాలుగు దిక్కులా పరచాలి. కార్బన్ ఫైబర్ రేడియోని ఆపేస్తుంది కాబట్టి యాంటెన్నా బయటే ఉండాలి.

గ్లాస్ ఫైబర్‌లోంచి రేడియో తరంగాలు గాజులోంచి వెలుతురులా దూరిపోతాయి. విమానాల డిజైనర్ బర్ట్ రుటాన్ గీసిన గ్లాస్ ఫైబర్ విమానాలు, 1975లో ఎగిరిన వేరీఈజీ, తర్వాత లాంగ్ఈజీ కట్టినవాళ్లు యాంటెన్నాను పైపొర కిందే పాతేశారు. విమాన రేడియోల ఇంజనీరు జిమ్ వీర్ చూపిన పద్ధతి ఇది: 12 మిల్లీమీటర్ల వెడల్పు రాగి టేపు, ఒక్కో చేయి 51 సెంటీమీటర్లు, రెండు చేతులూ రెక్క కొసన లేచే నిలువు రెక్కలో పైకీ కిందకీ. డ్రాగ్ సున్నా. వీఓఆర్ దారిచూపు రేడియోకి చేతులు 58 సెంటీమీటర్లు, అవి దూరదర్శన్ కాలం నాటి మిద్దె యాంటెన్నా పుల్లల్లా అడ్డంగా పడుకోవాలి.

ఇక్కడ చెడేది కేబుల్ దగ్గర. ఇలా రెండు చేతులున్న యాంటెన్నాని డైపోల్ అంటారు. దాని రెండు చేతులూ సమానం. రేడియో నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్ అలా కాదు, మధ్యలో ఒక తీగ, దాని చుట్టూ జడలా అల్లిన లోహపు తొడుగు. ఆ జడ బయటివైపు కరెంటు పాకి కేబులే యాంటెన్నా అయిపోతుంది. మాట్లాడే బటన్ నొక్కగానే ఇంధనం మీటరు ముల్లు ఎగిరితే కారణం చాలాసార్లు ఇదే. అలా పాకే కరెంటును ఆపడానికి, అతుకు పక్కనే మూడు ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ) పూసలు కేబుల్‌కి తొడగాలి, కేబుల్‌ని చేతులకు లంబంగా బయటికి తేవాలి. పైన లోహపు పొడి కలిసిన రంగు వేస్తే పడ్డ శ్రమంతా వృథా.

రెక్కలు బిగించాకే ఎస్‌డబ్ల్యూఆర్ కొలవండి. యాంటెన్నాకి పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె అది. 2 వస్తే 11 శాతం శక్తి తిరిగొస్తుంది, 3 అయితే 25 శాతం. జీపీఎస్ యాంటెన్నా ఈ మాటల యాంటెన్నాకి కనీసం మీటరు దూరం ఉండాలి. జీపీఎస్ ఫ్రీక్వెన్సీ 1575.42 మెగాహెర్ట్జ్, దాన్ని 13తో భాగిస్తే 121.19. అంటే మీరు 121.2 మీద మాట్లాడితే పదమూడో హార్మోనిక్, అంటే దానికి పదమూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో తోడుగా పుట్టే తరంగం, జీపీఎస్ చెవిలోనే మోగుతుంది. ఆ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉన్నప్పుడు బటన్ నొక్కి అర నిమిషం జీపీఎస్ తెర మీద ఉపగ్రహాల సిగ్నల్ బలం చూపే గీతలు చూడండి. అవి కుంగితే యాంటెన్నాలను ఇంకా ఎడంగా జరపాలి.