ఎముక పట్టేదాకా

పర్లాకిమిడి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ మామ్మకో తాతయ్యకో ఇంప్లాంట్ పన్ను పెట్టిస్తున్నారా? కట్టుడు పళ్లలా రాత్రి తీసి గిన్నెలో వేసేది కాదది. దవడ ఎముకలోకి టైటానియం మరమేకు దించుతారు. లావు సుమారు 4 మిల్లీమీటర్లు, పొడవు 10. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న పిలక, పిలక మీద పన్ను ఆకారంలో తొడుగు. టైటానియానికి ఎముక అతుక్కుపోతుందని 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు కనిపెట్టాడు. కుందేలు ఎముకలో పెట్టిన పరికరం మళ్లీ ఊడి రాలేదు. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు.

ముందు స్కాన్ తీస్తారు. ఎముక ఎంత మందం ఉంది, కింది దవడలో నరం ఎంత దూరం, పైన సైనస్ అనే గాలి గది ఎంత దగ్గర అని చూస్తారు. మూడు నెలల షుగరు సరాసరి ఎక్కువుంటే తగ్గించుకుని రమ్మంటారు. రక్తం పలచబడే మాత్రలు, ఎముకల బలానికి వేసుకునే మందులు ఉంటే తప్పక చెప్పాలి. సొంతంగా మాత్రం ఆపకూడదు.

మత్తు సూదితో నొప్పి తెలియదు, అదురు తెలుస్తుంది. డ్రిల్లు మీద నీళ్లు ధారగా పోస్తూనే ఉంటారు. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా అక్కడ చచ్చిపోతుంది, చచ్చిన ఎముక మేకును పట్టదు. ఆ నీళ్లు గొంతులోకి పోతున్నట్టుంటే చెయ్యెత్తమనండి, పీల్చేస్తారు.

వాపు రెండు మూడు రోజులు పెరిగి తగ్గాలి. ఆ తర్వాత పెరిగినా, మత్తు దిగే వేళ దాటినా పెదవి మొద్దుగానే ఉన్నా వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. మొదటిరోజు గట్టిగా ఉమ్మితే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. చల్లారిన గంజి, పెరుగన్నం చాలు.

ఇక ఎముక పట్టేదాకా ఆగడం. కింది దవడకి మూడు నెలలు, పైదానికి నాలుగు నుంచి ఆరు. నొప్పి పోయింది కదా అని అటువైపు చెక్కలు కొరికితే మేకు కదులుతుంది. కదిలితే చుట్టూ ఎముకకి బదులు మెత్తటి కండ పెరుగుతుంది. ఇక అది నిలవదు, తీసెయ్యాల్సిందే.

మన వైపు అసలు చిక్కు గుడాకు అనే పొగాకు ముద్ద. నికోటిన్‌కి చిగుళ్ల రక్తనాళాలు ముడుచుకుపోతాయి. రక్తం అందని గాయం మానదు. డాక్టరు "పొగ తాగుతారా?" అంటే మామ్మ లేదంటుంది, అది అబద్ధమూ కాదు. పొద్దున్నే వేలితో చిగుళ్లకి రుద్దుకునేది పళ్లపొడి లెక్కే ఆవిడకి. ఆ డబ్బా సంగతి మీరు చెప్పండి.

మేకు కంపెనీ పేరు, సైజు ఉన్న స్టిక్కరు అడిగి తీసుకుని దాచండి. రేపు బరంపురంలోనో విశాఖలోనో బిగించాల్సొస్తే, కంపెనీకో రకం పనిముట్టు కావాలి.

ఇట్లు,
మీ తాతయ్య