ప్రాథమిక బడిలో బొమ్మల పని: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో పిల్లలకి సూర్యుడు రోజూ సముద్రంలోంచే పైకొస్తాడు. తెల్లారడం ఎలా ఉంటుందో గీయమంటే మాత్రం రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె వేసి చూపిస్తారు. ఆ బొమ్మ పిల్లలు పుట్టించింది కాదు, మనం వాళ్ల చేతిలో పెట్టింది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలతో బొమ్మలు వేయించే నాకు ఎప్పుడూ పోరు ఈ అరువు బొమ్మతోనే. దాన్ని బతికిస్తున్న నమ్మకాలు కొన్ని తోటి టీచర్ల కోసం, అమ్మానాన్నల కోసం రాస్తున్నాను.

అపోహ: బొమ్మలు వెయ్యడం పుట్టుకతో రావాలి.

పిల్లల బొమ్మలు వయసుతో పాటు మెట్లు ఎక్కుతాయని కళావిద్యలో పేరున్న విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే వివరంగా చెప్పారు. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చిగీతలు. నాలుగు నుంచి ఏడు మధ్య తలకాయ నుంచే కాళ్లు చేతులు మొలుస్తాయి. ఏడు దాటాక కాగితం అడుగున నేలగీత గీసి చెట్టు, ఇల్లు, మనిషి అన్నీ దాని మీద నిలబెడతారు. తొమ్మిదేళ్లకి నిజంలా రాలేదన్న బెంగ మొదలవుతుంది. నాలుగో తరగతిలో హఠాత్తుగా వినిపించే "నాకు రాదు మాస్టారూ" అన్న మాట అక్కడిదే. అప్పుడు చెయ్యి వదిలేస్తే ఆ పిల్లవాడు జన్మలో మళ్లీ పెన్సిల్ పట్టడు.

విజయనగరం పైడితల్లి పండగ అయ్యాక రెండో తరగతి పిల్లలతో సిరిమాను, అంటే పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చింతమాను, గీయించి చూడండి. కొసన కూర్చున్న పూజారి చింతమాను కంటే పెద్దగా ఉంటాడు. జనం చీమల్లా అడుగున ఉంటారు. కొలత తప్పిందని దిద్దకండి. ఆ పిల్ల కళ్లకి ఆ రోజు ముఖ్యమైనవాడు పూజారి, అందుకే పెద్దవాడయ్యాడు. ఇంటి గోడలోంచి లోపల అన్నం వండుతున్న అమ్మ కనపడటం కూడా ఆ వయసు లెక్కే.

అపోహ: అందరికీ ఒకేలా వస్తే బాగా నేర్పినట్టు.

టీచరు కత్తిరించి ఇచ్చిన సీతాకోకచిలుకకి ముప్పై మంది రంగు వేస్తే, ఆ బొమ్మ వేసింది టీచరే. ఇంటికిచ్చే ప్రాజెక్టుల సంగతీ ఇంతే. నాన్న థర్మోకోల్ కోస్తాడు, అమ్మ అంటిస్తుంది, పిల్లవాడు పట్టుకెళ్తాడు. మార్కులు ఎవరికి పడ్డట్టు? ఏ పని ఇచ్చినా నేను చూసేది ఒక్కటే: పిల్ల తనకి తానుగా తేల్చుకోవాల్సింది ఇందులో ఏముంది? 'చేప చెయ్యండి' అనే బదులు 'మీ ఊళ్లో వలలో పడేది చెయ్యండి' అంటే చాలు, ఒకరు పీత చేస్తారు, ఒకరు రొయ్య చేస్తారు, ఇంకొకరు వలే చేస్తారు.

అపోహ: చూసి గీస్తే సొంత ఊహ పోతుంది.

పక్కవాడి బొమ్మ చూసి గీస్తే పోతుంది. పిట్టని చూసి గీస్తే పెరుగుతుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి చలికాలం ముందు నుంచే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. అక్కడికి తీసుకెళ్లే ముందు పిట్టల్ని గీయమనండి, ఆకాశంలో రెండు వంపు గీతలే వస్తాయి. చెట్ల కింద నిలబెట్టి, ముక్కు కింద సంచి ఎలా వేలాడుతుందో, ఎగిరేటప్పుడు మెడ ఎటు పెడుతుందో అడిగి, అప్పుడు మళ్లీ కాగితం ఇవ్వండి. ఆ తర్వాత వాళ్లు ఊహించి గీసే పిట్టకీ బరువు, మెడ, కాళ్లు ఉంటాయి.

అపోహ: సామాన్లకి డబ్బు కావాలి.

గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల పసుపు కలిపి, డ్రాయింగ్ షీటుకి గుడ్డతో పూసి నీడన ఆరబెట్టండి. పుల్లకి దూది చుట్టి, బట్టల సబ్బు నీళ్లలో ముంచి దాని మీద గీయమనండి. పసుపు కాగితం మీద ఎర్రటి గీత పడుతుంది. క్లాసంతా గోల. నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. పసుపులో సున్నం కలిపిన పారాణి ఎందుకు ఎర్రనో అప్పుడు చెప్పండి, చచ్చేదాకా మర్చిపోరు. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది, కాబట్టి ఆ బొమ్మల్ని కిటికీ దగ్గర పెట్టకండి. ఇక బొగ్గు, జాజు, తాటాకు, చెరువు మట్టి ఊరికే దొరుకుతాయి. మట్టిబొమ్మ బొటనవేలి కంటే మందం అయితే ఆరేటప్పుడు పగులుతుంది. అతుకు దగ్గర రెండు వైపులా గీట్లు పెట్టి, పల్చటి బురద రాసి నొక్కాలి.

అపోహ: చెట్టు మీద కాసినవి కదా, ప్రమాదం ఉండదు.

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. గురివింద గింజలు అందంగా ఉంటాయని వినాయకుడి కళ్లకి అంటిస్తారు. అవి విషం. నమిలినా, గుచ్చి పొడి చేసినా ప్రాణం మీదకొస్తుంది. పలాస వైపు పిల్లలు పచ్చి జీడిపిక్కలు తెస్తారు, ఆ తొక్కలో ఉండే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. ఈ మూడూ నా క్లాసు గుమ్మం దాటి లోపలికి రావు.

అపోహ: సవర బొమ్మలంటే పుల్ల మనుషులు, నకలు దించితే సరి.

సీతంపేట ఏజెన్సీ, అంటే అక్కడి గిరిజన ప్రాంతం, 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలోదే. అక్కడి సవర గిరిజనులు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, వెదురు పుల్లతో వేసే బొమ్మలు దేవతల కోసం, పితరుల కోసం వేసేవి. ముందు ఆ మాట పిల్లలకి చెప్పాలి. సైకిలు, విమానం లాంటి కొత్తవాటిని కూడా సవరలు ఆ బొమ్మల్లోకి రానిచ్చారు. అందుకే నేను జాజు, పిండి, పుల్ల ఇచ్చి మీ వీధి వెయ్యండి అంటాను. క్లాసులో సవర పిల్ల ఉంటే చెప్పే పని ఆ పిల్లకే వదిలేస్తాను, ఇష్టమైతేనే.

అపోహ: ఇదంతా చదువుకి అడ్డు.

కాగితం నాలుగు మడతలు పెట్టిన పిల్లకి పావు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కత్తెర పట్టిన వేళ్లు అక్షరాలూ కుదురుగా రాస్తాయి. 2009 విద్యాహక్కు చట్టం కళకి పార్ట్‌టైం బోధకుల్ని ఇమ్మన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, అదీ వందకి మించి పిల్లలుంటేనే. అంటే ఒకటి నుంచి ఐదు దాకా ఆ పని ప్రాథమిక తరగతులు చెప్పే మన ఎస్‌జీటీలదే (సెకండరీ గ్రేడ్ టీచర్లదే), ఎవరో వస్తారని చూడొద్దు.

అపోహ: 'బాగుంది' అంటే చాలు.

రోజూ అదే మాట వింటే పిల్లకి మీరు చూడలేదని తెలిసిపోతుంది. 'ఏటి గీసినావు?' అని కూడా అడగకండి, అర్థం కాలేదన్నమాట అది. 'దీని గురించి చెప్పు' అని ఊరుకోండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే, పెన్సిల్‌తో కాగితం వెనక రాయండి, పేరు, తేదీ వెయ్యండి. బొమ్మ మీద ఎర్రపెన్ను పెట్టొద్దు. గోడకి సుతిలి తాడు కట్టి బట్టల క్లిప్పులతో అందరివీ తగిలించండి. తాడు మీ కళ్ల ఎత్తున కాదు, ఒకటో తరగతి పిల్లల కళ్ల ఎత్తున కట్టండి.