సాఫ్ట్‌వేర్ రీసెర్చ్ మన పనికి రాదా? అపోహలు - వాస్తవాలు

టెస్టింగ్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను. రీసెర్చ్ పేపర్ మాటెత్తితే చాలు, "అవి పీహెచ్‌డీ వాళ్లు వాళ్లలో వాళ్లు రాసుకునేవి, మనకెందుకు" అనేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ కనిపించారు.

అపోహ: కంపెనీల్లో పనిచేసేవాళ్లకి రీసెర్చ్ అంటే చిన్నచూపు.

వాస్తవం: మైక్రోసాఫ్ట్‌లో 512 మందికి 571 పేపర్ల సారాంశాలు పంచి, ఒక్కో పేపర్‌లోని పని ఎంత ముఖ్యమో చెప్పమన్నారు. 2015లో వచ్చిన ఆ అధ్యయనంలో 71 శాతం రేటింగ్‌లు 'తప్పనిసరి' లేదా 'చేయదగ్గదే' అన్నాయి. నచ్చనివాటికి కారణాలూ రాశారు: ఈ టూల్ మాకు అక్కర్లేదు, వచ్చే లాభం కన్నా పెట్టే ఖర్చే ఎక్కువ, ఇలాంటివి. రీసెర్చ్ చేసేవాళ్లు వీటిని చదివి తీరాలి.

అపోహ: ఎక్కువ సైటేషన్లు (వేరే పేపర్లలో ప్రస్తావనలు) ఉన్న పేపరే మనకి ఎక్కువ ఉపయోగం.

వాస్తవం: అదే అధ్యయనంలో ఆ రెండింటికీ సంబంధమే కనబడలేదు.

అపోహ: మన రోజువారీ తలనొప్పులు పేపర్లలో ఉండవు.

వాస్తవం: నా మనసు మారింది ఇక్కడే. ఒక రిలీజ్ రోజు రాత్రి పదకొండింటికి బిల్డ్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేసి టెస్టులు నడిపే పని) ఆగిపోయింది. ఒకే ఒక్క టెస్ట్, ఒకసారి ఫెయిల్, మళ్లీ రన్ చేస్తే పాస్, అందరికీ టెన్షన్. కోడ్ తెరిచి చూస్తే సర్వర్ జవాబు కోసం రెండు సెకన్ల స్లీప్ (అంతసేపు ఊరికే ఆగమనే ఆదేశం) పెట్టి ఉంది, లోడ్ పెరిగినప్పుడు జవాబు మూడో సెకనులో వస్తోంది. స్లీప్ తీసేసి, జవాబు వచ్చేదాకా చూసేలా, మరీ ఆలస్యమైతే వదిలేసేలా మార్చాం. ఆ తర్వాత 2014 నాటి పేపర్ ఒకటి చదివాను: అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థకి చెందిన 51 ప్రాజెక్టుల్లో ఇలాంటి ఫ్లేకీ టెస్టులను (కోడ్ మారకపోయినా ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యేవాటిని) సరిచేసిన 201 కమిట్లు (కోడ్ మార్పులు) వెతికారు, కారణం తేలినవాటిలో దాదాపు సగం ఇదే, జవాబు కోసం సరిగా ఆగకపోవడం! ముందే చదివి ఉంటే ఆ రాత్రి మొదట వెతికేది ఆ స్లీప్‌నే.

అపోహ: కోడ్ రివ్యూ (ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూడటం) ఉన్నది బగ్స్ పట్టడానికే.

వాస్తవం: మైక్రోసాఫ్ట్ రివ్యూల మీద 2013లో వచ్చిన పేపర్‌లో, అందరూ ఆశించేది బగ్స్ దొరకడమే అయినా దొరికేవి అనుకున్నదానికంటే తక్కువని తేలింది. కోడ్ మెరుగుపడటం, ఒకరి పని ఇంకొకరికి అర్థం కావడం లాంటి లాభాలే ఎక్కువ. అందుకే మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లని మొదటి వారం నుంచే రివ్యూల్లో కూర్చోబెడుతున్నాం, బగ్ దొరక్కపోయినా సరే.