తలకోనలో "ఇక్కడ వాన లేదు కదా!" అనేవాళ్లకు

తిరుపతి దగ్గర శేషాచలం అడవుల్లో, తలకోన జలపాతం చుట్టుపక్కల గైడ్‌గా తిరుగుతుంటాను. శని, ఆదివారాలు దగ్గరపడితే చాలు, ఫోన్లో అదే ప్రశ్న: "అన్నా, వాన లేదు, ఎండ బాగా కాస్తోంది. పిల్లల్ని జలపాతం కింది గుండంలో దించొచ్చు కదా?" కొన్ని అపోహల వల్ల పోయేది డబ్బో, సెలవు రోజో. ఈ ఒక్కదానివల్ల మాత్రం ప్రాణాలే పోతాయి. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: కింద వాన పడకపోతే నీళ్లు పెరగవు.

వాస్తవం: తలకోనలో దూకే నీళ్లు మీ నెత్తిన కురిసినవి కావు. పైన కొండల మీద, మీ కంటికి ఆనని వంకల్లో, అంటే వాగుల్లో, కురిసిందంతా కలిసి ఈ ఇరుకు లోయలోకే దిగాలి. జలపాతం ఎత్తు దాదాపు 270 అడుగులు. చుట్టూ నిలువు రాతిగోడలు, వాటిని కప్పేసిన చెట్లు. మీకు కనిపించే ఆకాశమెంత? అవతల కొండ మీద మబ్బు కమ్మినా ఇక్కడ ఎండే కాస్తుంటుంది. పైగా గట్టి బండ మీద పడిన వాన ఇంకేది తక్కువ, జారిపోయేది ఎక్కువ. 2021 నవంబరులో తిరుపతి కపిలతీర్థంలో నీళ్లు ఎలా విరుచుకుపడ్డాయో వీడియోల్లో చూసే ఉంటారు. అదీ ఈ కొండల నీళ్లే.

ఒకసారి మధ్యాహ్నం పూట నీళ్ల రంగు మారడం చూసి విజిల్ వేశాను. అందరూ గట్టెక్కారు, ఒక పెద్దాయన తప్ప. "మాది గోదావరి జిల్లా బాబూ, మాకు నీళ్ల గురించి చెబుతావా?" అన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను, తిట్లు కూడా తిన్నాను. కాసేపటికి ఆయన కూర్చున్న బండ కనబడలేదు. ఆ తర్వాత ఆయన భార్య నాకు మజ్జిగ ఇచ్చింది గానీ, ఆయన మాత్రం ఏమీ మాట్లాడలేదు.

కాబట్టి నీళ్లు బురదరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా సంచులు, చెప్పులు వెతుక్కోకుండా పైకి ఎక్కండి. అవతలి గట్టున చిక్కుకుంటే అక్కడే ఎత్తైన చోట ఆగండి, వంక దాటొద్దు. ప్రవాహం వేగంగా ఉంటే మోకాళ్లదాకా ఉన్నా మనిషిని పడేస్తుంది. సిబ్బంది ఆ రోజు దిగొద్దన్నారంటే వాదన వద్దు.

"నాకు ఈత వచ్చు" అనేది దీనికి తమ్ముడు. నీళ్లలో లోతు ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువగానే కనిపిస్తుంది, కింద రాళ్ల సందులు అసలు కనిపించవు. పైనుంచి దూకినవాడి కాలు ఆ సందులో ఇరుక్కుంటే ఈత ఏం చేస్తుంది? ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకేయకండి. తాడో, కర్రో, చున్నీనో అందించండి.

ఇక మిగతావి. వానాకాలం కదా అని హైదరాబాద్ నుంచి జులైలో వచ్చి, సన్నటి ధార చూసి ఉసూరుమంటారు. ఇక్కడ గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వానలు తగ్గాక రండి, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు మాత్రం కాదు. మూలికల నీళ్లు, తాగితే రోగాలు పోతాయంటారా? పైన కోతులున్నాయి, కింద మనుషులు స్నానం చేస్తున్నారు. తాగేనీళ్లు ఇంటినుంచి తెచ్చుకోండి.

ఎర్రచందనం బెరడు గోకి వాసన చూసేవాళ్లకు ఓ దండం. దానికి శ్రీగంధంలా పరిమళం ఉండదు, విలువంతా చేవలోని, అంటే మాను నడిమి గట్టి కర్రలోని, ఎరుపుదే. ఈ చెట్టు సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. "చిన్న ముక్కే కదా" అని జేబులో వేసుకుంటే కేసవుతుంది. చెట్లకు అల్లుకునే గిల్లతీగ మీద ఊగడం కూడా మానండి. దాని కాయ మీటరు పొడవు పెరుగుతుంది, ఫొటో తీసుకోండి, చాలు.

చిరుతల గురించి భయపడి పిల్లల్ని తీసుకురావాలా వద్దా అని అడిగే తల్లులను చూస్తే జాలేస్తుంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, ఈ కొండల్లో చిరుతలున్నాయి. పగలు, గుంపుగా, దారి వదలకుండా నడిస్తే అవే తప్పుకుంటాయి. పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వొద్దు, చీకటి పడకముందే బయటికి వచ్చేయండి. చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే మాత్రం కోతులు వదలవు.